రెండో డిస్కులో ఇడ్లీ పాట

సారపాకలో సంసోను ఇల్లెక్కడ అని అడిగితే, "ఏ సంసోను? జోడీ సంసోనా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. జోడీ అంటే మొగుడూ పెళ్లాల జోడీ కాదు. ఆ మనిషి దగ్గర ఏ వస్తువైనా రెండుంటాయి. జేబులో రెండు పెన్నులు, మొలకు రెండు తాళాల గుత్తులు, బండి డిక్కీలో రెండు రెయిన్‌కోట్లు. బండి మీద ఒక్కడే పోతాడు కానీ హెల్మెట్లు మాత్రం రెండు. చివరికి బాప్తిస్మం కూడా రెండుసార్లు తీసుకున్నాడు. పసితనంలో తండ్రిగారి చర్చిలో నెత్తిన నీళ్లు చల్లించుకున్నది ఒకటి, పెళ్లయ్యాక అత్తగారి సంఘం వాళ్లు గోదావరిలో ముంచి తీసింది ఇంకొకటి. పరలోకం గేటు దగ్గర ఒకటి చెల్లదంటే రెండోది చూపించవచ్చని ఆయన ధీమా.

ఈ జబ్బు తండ్రి గోపయ్య నుంచి వచ్చింది. గోపయ్య ఇల్లందు బొగ్గు బావిలో పనిచేసే రోజుల్లో ఒకసారి టోపీ మీది దీపం ఆరిపోయి, ఎవరో వచ్చేదాకా చీకట్లో గోడ పట్టుకుని కూర్చున్నాడు. పైకొచ్చాక ఇంట్లో చెంబు మొదలుకొని టార్చిలైటు దాకా అన్నీ రెండేసి కొన్నాడు. కొడుకు ఆ ఆస్తిని భద్రంగా కాపాడుకుంటూ వచ్చాడు, వేరే ఆస్తి ఏమీ లేదు కనుక.

తల్లి విశ్రాంతమ్మ మాత్రం ఈ రెండేసి గోలను లెక్కచేయలేదు. ఆమెకు దేవుడు ఒక్కడు, మొగుడు ఒక్కడు, గ్రైండరు ఒక్కటి. గోపయ్య పోయాక కాగితం మిల్లుకు పోయే రోడ్డు మీద ఇడ్లీ బండి పెట్టి కొడుకును ఐటీఐ చదివించింది. వెదురు లారీల డ్రైవర్లు, కాంట్రాక్టు కూలీలు, షిఫ్టు దిగి వచ్చేవాళ్లు అందరూ ఆమె గిరాకీలే. ఎవరైనా చట్నీ రెండోసారి అడిగితే, "ముందు ఏసింది తిన్నవా, చొక్కాకు పూసుకున్నవా?" అని పదిమందిలో కడిగేసేది. అయినా జనం మళ్లీ వచ్చేవాళ్లు, ఇడ్లీ అంత మెత్తగా ఉండేది మరి. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని పాటల బృందం కంటే ఒక మాట ముందే పాడేది. బృందం లీడరు ఏంజెలమ్మ వెనక్కి తిరిగి గుడ్లురిమితే, "మీరు ఎనకబడ్డరు తల్లీ, నేను ముందుకు పోలే" అనేది.

పిండి రుబ్బేటప్పుడు మాత్రం చర్చి పాటలు పాడేది కాదు. తానే కట్టుకున్న పాట ఒకటి ఉంది, అది పాడుకునేది.

"నానబెట్టినవు నన్ను, రుబ్బినవు నన్ను
పొంగేదాక మూతబెట్టి మరిసినవు నన్ను
ఆవిరి మీద కూసోబెట్టినవు, అడగను ప్రభూ
మాడకముందే దించుకో నన్ను"

ఒక క్రిస్మసుకు ముందు సంసోను గ్రైండరు ఆపించి, ఫోనులో ఆ పాట రికార్డు చేశాడు. విశ్రాంతమ్మ ఒక షరతు పెట్టింది. "ఎవ్వరికి పంపకు బిడ్డా. ఏంజెలమ్మ చెవిన బడితె ఇడ్లీ పాట, ఇడ్లీ పాట అని ఊరంత నవ్విస్తది." సంసోను సరేనన్నాడు. అక్కడి నుంచి ఆ పాటను ఎక్కడ దాచాలన్న బెంగ పట్టుకుంది. ఆయన ఫోను అప్పటికే ఒకసారి సాంబారులో, ఇంకోసారి కిన్నెరసాని కాలువలో పడి లేచింది. దాన్ని నమ్మడం కుదరదు.

సంసోను ఉద్యోగం 'మన్యం నెట్' అనే చిన్న కంపెనీలో. మొదట్లో స్తంభాలెక్కి కేబుళ్లు లాగాడు, కోతులు కొరికిన చోటల్లా అతుకులు వేశాడు. ఇప్పుడు సారపాకలో కంపెనీ మిషన్ల గది మొత్తం ఆయన చేతిలో ఉంది. వంతెన దాటి భద్రాచలానికైనా, అటు అడవి ఊళ్లకైనా కంపెనీ ఇచ్చే ఇంటర్నెట్ ఆ గదిలోని పెద్ద రూటర్ గుండా పోవాల్సిందే. ఏ ఊరి మాటను ఏ దారిన పంపాలో రూటర్‌కు గుర్తుండాలి. ఆ గుర్తంతా అగ్గిపెట్టె కంటే చిన్నదైన ఒక డిస్కులో ఉంటుంది. అది పాడైతే రూటర్‌కు మతి పోతుంది, అడవి ఊళ్లలో సగం మంది సంసోను పేరెత్తి తిడతారు. అందుకని పక్క అరలో రెండో డిస్కు పెట్టి, మొదటిదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అదే పడేటట్టు ఏర్పాటు చేస్తారు. దాన్ని డిస్క్ మిర్రరింగ్ అంటారు.

ఈ ఏర్పాటు చేయడానికి ఖమ్మం ఆఫీసు నుంచి భాను అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. ఖానాపురం హవేలిలో ఇల్లు, పాతికేళ్ల వయసు, నవ్వితే గదంతా వినబడుతుంది. రెండు డిస్కులనూ ఒకే కొలతకు విడగొట్టి, మిర్రర్ చెయ్యమని రూటర్‌కు ఆర్డరు రాసి, మొదటిది రెండోదాంట్లోకి పూర్తిగా నకలయ్యేదాకా కూర్చుంది. రెండు అరల మీదా పచ్చ లైట్లు వెలిగాయి. సంసోనుకు కళ్లు చెమర్చాయి.

"ఇన్నేండ్ల సంది నేను మొత్తుకునేది ఇదే గద మేడం! అందరు నన్ను పిచ్చోడన్నరు."

"పిచ్చి గాదు గని, ఒకటి గుర్తుపెట్టుకో అన్నా," అంది భాను. "ఇది దాసిపెట్టే కాపీ గాదు. మొదటిదాంట్ల తప్పు రాస్తె రెండోదాంట్ల గూడ అదే తప్పు రాస్తది. మొదటిదాంట్ల చెరిపితె రెండోదాంట్ల గూడ చెరిపేస్తది. సోమవారం సోమవారం మిర్రర్ చూసి నాకు మెసేజ్ పెట్టు."

సంసోను "రెండోదాంట్ల గూడ" అన్నంతవరకే విన్నాడు. మిగతాది చెవిన పడలేదు, పడినా లోపలికి పోలేదు. ఆమె బస్సెక్కగానే అమ్మ పాటను రూటర్ డిస్కులోకి ఎక్కించాడు. అది తనంతట తానే రెండోదాంట్లోకి దిగింది. ఒకటికి రెండున్నాయి కదా అని ఫోనులోది చెరిపేశాడు. గుడ్ మార్నింగ్ బొమ్మలకు జాగా అయింది.

కొన్నాళ్లకు కొత్త సంవత్సరం వచ్చింది. ఆ రోజు పాస్టరు శాంతికుమార్ అయ్యగారు సంఘస్తుల పనిముట్లకు ప్రార్థన చేసి నూనె రాయడం అక్కడి ఆనవాయితీ. ఆటోలకూ, కుట్టుమిషన్లకూ, రంపాలకూ నుదుటన ఒక బొట్టు. విశ్రాంతమ్మ అయ్యగారిని వెంటబెట్టుకుని కొడుకు మిషన్ల గదికి వచ్చింది. అదే రోజు కంపెనీ ఓనరు రామ్‌చందర్ కూడా ఖమ్మం నుంచి కొత్త రూటర్‌ను చూడటానికి వచ్చి, ఇడ్లీ బండి దగ్గర చట్నీ రెండోసారి అడిగి, అందరిలాగే తిట్లు తిని వెళ్లాడు.

అయ్యగారు వేలికి నూనె అద్దుకుని రూటర్ అంచున రాయబోయాడు. విశ్రాంతమ్మ ఒప్పుకోలేదు. "గంత పెద్ద మిషినుకు గింతేనా అయ్యగారూ? రెండు జిల్లాలకు పని చేస్తది." అంటూ ఆయన చేతిలోని సీసాను తానే వంచింది. నూనె ధారగా పడి, రెండో డిస్కు ఉన్న అరలోకి దిగింది. సంసోను లబోదిబోమని గుడ్డ తెచ్చి పైపైన తుడిచాడు. ఆమె అక్కడితో ఆగలేదు. చర్చిలో ఏటా ఒక్కొక్కరు తీసుకునే వాగ్దాన కార్డుల్లోంచి రూటర్ కోసమని ఒకటి తెచ్చింది. రంగురంగుల పూల మధ్య ఒక బైబిలు వాక్యం. దాన్ని జిగురు పెట్టి రూటర్ ముఖానికే అంటించింది. "ఏడాదంత పీకకు" అంది.

ఆ కార్డు సరిగ్గా రెండో డిస్కు లైటు మీద కూర్చుంది. దాని వెనక పచ్చ లైటు కాస్తా నారింజ రంగులోకి తిరిగిన సంగతి ఎవరికీ తెలియదు. సంసోను ప్రతి సోమవారం మొదటి డిస్కు పచ్చ లైటును ప్రేమగా చూసి, "మిర్రర్ ఓకే" అని భానుకు మెసేజ్ పెట్టేవాడు. లాప్‌టాప్‌లో ఆర్డరు కొట్టి తెర మీద చూడాలని భాను నేర్పింది. ఒక లైటు పచ్చగా ఉంటే రెండోది మాత్రం ఎందుకు వేరుగా ఉంటుందని సంసోను తర్కం.

ఆ వానాకాలంలో విశ్రాంతమ్మ చనిపోయింది. పొద్దున్నే పిండి రుబ్బి, గిన్నె మీద మూతపెట్టి, కాస్త కూర్చుంటానని గోడకు ఆనుకుంది. అంతే. సమాధి కార్యక్రమం ముగించుకుని ఇంటికొచ్చేసరికి పిండి పొంగి గిన్నె అంచు దాటి కారుతోంది. దాన్ని చూసి సంసోను పసిపిల్లాడిలా ఏడ్చాడు. కొత్త సంవత్సరం వచ్చినా రూటర్ మీది కార్డును పీకడానికి చేతులు రాలేదు. అమ్మ అంటించింది కదా.

ఏడాది తిరిగింది. జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. భార్య రోజారాణి టెంటు, వంటలు అన్నీ చూసుకుంటూ, "అత్తమ్మ గొంతు నీ దగ్గర ఉన్నదంటివి గదా, ఆ రోజు అందరికి ఇనిపిద్దాం," అంది. "చచ్చిపోయినంక గూడ ఏంజెలమ్మకు భయపడుడు ఏంది?" అని కూడా అంది. నిజమేననిపించి సంసోను మిషన్ల గదికి పోయి లాప్‌టాప్ తగిలించాడు. డిస్కు నిండా కంపెనీ ఫైళ్లు ఉన్నాయి. పాట లేదు. వెంటనే భానుకు ఫోను చేశాడు.

"అవ్ అన్నా, పోయిన వారం కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించిన. జాగా చాలలేదు. ఏదో పాట ఫైలుంటె తీసేసిన. కంపెనీ రూటర్ల పాట ఏంది అనుకున్న. నీదా?" అని నవ్వింది భాను.

"మా అమ్మది."

అవతల నవ్వు ఆగిపోయింది. "అయ్యో అన్నా. ఇంకేడ లేదా?"

"రెండోదాంట్ల ఉంటది గదా!"

"మిర్రర్ గదన్నా. గప్పుడే చెప్పిన. ఇండ్ల చెరిపితె అండ్ల గూడ పోతది."

సంసోను ఫోను పెట్టేసి, స్టూలు మీద కూలబడ్డాడు. ఆడిపోసుకుందామంటే ఎవరూ దొరకలేదు. ఆ పిల్ల తన పని తాను చేసింది. రెండున్నాయని మురిసి, అసలైన ఒక్కదాన్ని ఫోనులోంచి చెరిపింది తనే. బయట యూకలిప్టస్ లారీ ఒకటి రివర్సు తీసుకుంటూ ఆగకుండా కూత పెడుతోంది, దాన్ని తిడుతూ కాసేపు ఏడ్చాడు. తరువాత, ఇంకేం మిగిలిందని, రూటర్ ముఖం మీది కార్డును నెమ్మదిగా గోటితో లేపాడు. అమ్మ అంటించిందైనా ఇంటికి తీసుకుపోదామనుకున్నాడు.

వెనక నారింజ లైటు కనబడింది.

ఏడాదిన్నరగా కొట్టని ఆర్డరును కొట్టాడు. రెండో డిస్కు అందడం లేదని, ఫలానా తేదీ నుంచి మిర్రర్ ఆగిపోయిందని తెర మీద పడింది. ఆ తేదీ నూనె పోసిన రోజు. అంటే రెండో డిస్కుకు ఆ రోజు తరువాత లోకంలో ఏం జరిగిందో తెలియదు. కొత్త సాఫ్ట్‌వేర్ తెలియదు, చెరపడం తెలియదు, అమ్మ పోయిందనీ తెలియదు.

సంసోను డిస్కును అరలోంచి లాగాడు. నూనె, దుమ్ము కలిసి జిడ్డు కట్టి ఉంది. స్పిరిటు పెట్టి డిస్కునూ, అర లోపలి పిన్నులనూ తుడిచి, భానుకు కలిపిన ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, ఆనందం పట్టలేక అరిచాడు.

"చెల్లే! నా మిర్రర్ చచ్చిపోయిందే!"

"ఏందీ?"

"చచ్చింది! పాట బతికింది! ఇగ డిస్కు పెడుతున్న సూడు."

"ఆగన్నా!" భాను కేకకు ఫోను జారి కింద పడింది. వంగి తీసుకుని చెవిన పెట్టుకునేసరికి ఆమె ఇంకా అరుస్తూనే ఉంది. "పెట్టకు! పెట్టినవంటె మిర్రర్ మళ్ల షురూ అయితది. మొదటిదాన్ని చూసి రెండోదాన్ని సరిచేస్తది. నిమిషంల నీ పాట తుడిచిపెడతది!"

సంసోను చేతిలోని డిస్కు అర అంచు దాకా వచ్చి ఆగింది. మెల్లగా వెనక్కి తీసి, జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

"ఎప్పుడు ఆగిందన్నా ఇది?" అని అడిగింది భాను. "నిన్ననో మొన్ననో అయితె దాంట్ల పాట ఉండదు. ఉండాలంటె నేను చెరపకముందే ఆగి ఉండాలె."

అప్పుడు గానీ తను ఏం అరిచాడో సంసోనుకు బోధపడలేదు. ఇప్పుడే ఆగిందని చెప్తే ఉద్యోగం నిలబడుతుంది, పాట పోతుంది. ముందే ఆగిందని చెప్తే, ఏడాదిన్నర సోమవారాల "మిర్రర్ ఓకే"లన్నీ ఒక్కసారి మీద పడతాయి.

"పోయిన యేడు కొత్త సంవత్సరం నాడు," అన్నాడు.

"ఈడ మా ఆఫీసు తెర మీద గూడ ఎర్రగనే ఉండెనన్నా," అంది భాను, గొంతు తగ్గించి. "నువ్వు ఓకే అంటున్నవు గదా, తెరనే చెడిపోయిందేమో అనుకున్న." మళ్లీ తనే, "పాట తియ్యాలంటె ముందు మిర్రర్ ఆర్డర్ తీసెయ్యాలె. సారుకు చెప్పకుండ నేను తీసెయ్యలేను. ఎందుకని అడుగుతడు," అంది.

"కలుపు. నేనే చెప్తా."

రామ్‌చందర్ లైన్లోకి వచ్చాడు. విషయం విని, ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే పుస్తకం ఇంట్లో ఉంచుకోరు. అడవి ఊళ్ల దవాఖానాలు, బ్యాంకులు అన్నీ ఈ ఒక్క డిస్కు మీద వేలాడుతున్నాయా ఇన్నాళ్లూ అని మొత్తుకున్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఆయన ఆగినప్పుడు సంసోను, "పని తీసేస్తె తీసెయ్యండి సార్. ముందుగాల పాట తియ్యనియ్యండి," అన్నాడు.

"ఏం పాటయ్యా అది?"

"ఇడ్లీల పాట సార్. మా అమ్మ కట్టింది."

"మీ అమ్మ అంటె..." రామ్‌చందర్ గొంతు మారింది. "నన్ను చట్నీ చొక్కాకు పూసుకున్నవా అన్న ఆమెనా?"

"ఆమెనే సార్. పోయింది."

"ముందు పాట తియ్యండి," అన్నాడు రామ్‌చందర్. "నీ సంగతి తర్వాత చూస్త."

భాను ఖమ్మంలో కూర్చుని మిర్రర్ ఆర్డరు తీసేసింది. తీసిందని రెండుసార్లు చెప్పించుకున్నాక సంసోను డిస్కును అరలో పెట్టాడు. ఇప్పుడు అది మొదటిదాని మాట వినాల్సిన పనిలేని డిస్కు. తెరిచి చూస్తే, లోపల ఏడాదిన్నర నాటి రూటర్ అంతా ఎక్కడిదక్కడ ఉంది. దాని మధ్యలో అమ్మ పేరుతో పాట. లాప్‌టాప్‌లోకి, ఫోనులోకి, రోజారాణి ఫోనులోకి, భానుకు, చివరికి రామ్‌చందర్‌కు కూడా పంపాడు. అన్నీ అందాయని తేలాక భాను మిర్రర్‌ను మళ్లీ కట్టింది. మొదటి డిస్కు రెండోదాన్ని మొత్తం తిరగరాసింది. ఆర్డరు కొట్టి, తెర మీద చదివి, ఆ తరువాతే సంసోను లైట్ల వైపు చూశాడు.

ఈ హడావుడి విని అయ్యగారు గుమ్మంలోకి వచ్చాడు. "ప్రార్థన చెయ్యమంటవా సంసోనూ?"

"చెయ్యండయ్యగారూ. సీసా మాత్రం బయట పెట్టి రండి."

కూడిక నాడు టెంటు నిండింది. లారీ డ్రైవర్లు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. అయ్యగారి వాక్య ప్రసంగం ఎప్పటిలాగే పొడుగ్గా సాగింది, జనం ఎప్పటిలాగే వంటల వైపు చూశారు. తరువాత సంసోను ఫోనును మైకు దగ్గర పెట్టాడు. విశ్రాంతమ్మ గొంతు బొంగురుగా, తాళంతో పనిలేకుండా, ఒక మాట ముందే లేచింది. నానబెట్టినవు నన్ను అనగానే పిల్లలు కిసుక్కుమన్నారు. మాడకముందే దించుకో అనేసరికి ఎవరూ నవ్వలేదు. ఏంజెలమ్మ చెంగుతో ముఖం కప్పుకుంది.

పాట అయిపోయింది. రికార్డింగు అయిపోలేదు. సంసోను సొంత గొంతు వినబడింది: "ఇంకోపారి పాడమ్మా. రెండుంటె మంచిది."

దాని మీద విశ్రాంతమ్మ విసుగు. "ఎందుకురా? ముందుగాల పాడింది ఇన్నవా? ఫోన్ దిక్కు సూసుకుంట కూసున్నవు. దాసుకునుడే గాని ఇనుడు లేదు నీకు. పో, పిండి పులుస్తది."

గ్రైండరు చప్పుడు మొదలై, రికార్డింగు తెగిపోయింది.

సంసోనుకు ఆ మాటలు గుర్తే లేవు. గుర్తుండటానికి ఆ పాటను ఆ రోజు తరువాత ఒక్కసారైనా పెట్టుకుని విన్నవాడు కాదు. ఆమె బతికి ఉన్న నెలల్లో వినలేదు, పోయిన ఏడాదిలో వినలేదు. రెండు చోట్ల భద్రంగా ఉందన్న ధైర్యంతో రోజూ అన్నం తిని నిద్రపోయాడు. కానీ ఆమె ఆ పాట రోజూ పక్క గదిలోనే పాడింది. రికార్డు చేశాను కదా అని, ఆ చివరి నెలల్లో లేచి వెళ్లి వినలేదు.

"మళ్లొకసారి పెట్టు సంసోనూ," అన్నాడు అయ్యగారు కళ్లు తుడుచుకుంటూ. వెనక నుంచి డ్రైవర్లు కూడా పెట్టు, పెట్టు అన్నారు.

జోడీ సంసోను ఫోను తీసి జేబులో వేసుకున్నాడు.

"వద్దయ్యగారూ," అన్నాడు. "ఒక్కపారి చాలు. ఇన్న."